మూత లోపలివైపే అసలు పని: షియాన్‌లో తాంగ్ కాలపు వెండి భరిణెలు

షియాన్ వెళ్ళినవాళ్ళు ఎక్కువమంది మట్టి సైనికుల్ని చూసి, కోటగోడ మీద ఓ చుట్టు తిరిగి వచ్చేస్తారు. వెండి బంగారం పని మీద కాస్తో కూస్తో మక్కువ ఉంటే ఇంకో రెండు రోజులు చేతిలో పెట్టుకోవాలి. తాంగ్ రాజులు (618–907) ఏలిన చాంగ్‌ఆన్ ఈ ఊరే. వాళ్ళ కాలపు భరిణెలు ఇక్కడ మూడు చోట్ల చూడొచ్చు. మొదటిది షాన్షీ చరిత్ర మ్యూజియం, రెండోది షియాన్ మ్యూజియం, మూడోది ఊరికి పడమరగా 110 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఫామెన్ ఆలయ మ్యూజియం. మూడింటినీ ఇక్కడ ఒకే గీటురాయి మీద గీసి చూస్తున్నాం: భరిణె మూత లోపలివైపు, అంచు, అడుగు మనకు ఏమాత్రం అందుతాయన్నది. పైనున్న పువ్వులూ పక్షులూ పుస్తకాల ఫొటోల్లోనూ కనిపిస్తాయి. వాటికోసం విమానం ఎక్కనక్కర్లేదు.

ముందు షాన్షీ చరిత్ర మ్యూజియం. ప్రధాన గదులకు డబ్బు కట్టక్కర్లేదు గానీ పాస్‌పోర్టు నంబరుతో ముందుగా ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. సోమవారం సెలవు. మనకు కావలసిన భరిణెలు ఆ ఉచిత గదుల్లో ఉండవు. హెజియాత్సున్ నిధికి కేటాయించిన ప్రత్యేక ప్రదర్శనలో ఉంటాయి, దానికి వేరే టికెట్. ఉచిత టికెట్ దొరికింది కదా అని లోపలికి వెళ్ళిపోతే ఊరంతా తిరిగి గుడి చూడనట్టే.

ఈ నిధి 1970 అక్టోబరులో నగరం దక్షిణ శివారులో బయటపడింది. 65 సెంటీమీటర్ల ఎత్తున్న రెండు మట్టి జాడీలు, ఒక వెండి పాత్ర దొరికాయి. వాటి కడుపులో వెయ్యికి పైగా వస్తువులు, అందులో 270 దాకా వెండి బంగారు సామాను. జనం మూగేది గుర్రం బొమ్మ ఉన్న వెండి సారాయి కూజా దగ్గర. మూగనివ్వండి. మీరు నేరుగా మందుల భరిణెల దగ్గరికి వెళ్ళండి.

ఈ మందుల భరిణెలు చూడ్డానికి సాదాగా ఉంటాయి. నగిషీ లేని వెండి, గుండ్రని ఆకారం, మన ఇళ్ళలో పసుపు కుంకుమలు వేసుకునే భరిణెను పెద్దది చేసినట్టు. గొప్పతనమంతా మూత లోపల సిరాతో రాసిన రాతలో ఉంది. ఒకదాని మీద 'పెద్ద గింజల మెరిసే ఇంగిలీకం' అని రాసి తూకం వేశారు. గుహల్లో పైనుంచి వేలాడే సున్నపు ఊడలను ఆ రోజుల్లో ఆయుష్షు పెంచే మందుగా తినేవాళ్ళు. వాటిని నాణ్యతను బట్టి వేరు చేసి, ఒక భరిణెలో 'అన్నిటికంటే మేలైనది, 18 లియాంగ్‌లు' అనీ, ఇంకోదాంట్లో 'రెండో రకం, తినడానికి పనికొస్తుంది' అనీ, మరోదాంట్లో 'ఏరుకోవాలి, తినదగినవి కొన్ని ఉన్నాయి' అన్న అర్థం వచ్చేలా రాసి పెట్టారు. లియాంగ్ అంటే ఇప్పటి లెక్కన సుమారు 41 గ్రాములు. చిలుకల నగిషీ ఉన్న వెండి జాడీ మూత లోపల 'ఊదా స్ఫటికం 50 లియాంగ్‌లు, తెల్ల స్ఫటికం 12 లియాంగ్‌లు' అని ఉంది. అంటే ఇంత ఖరీదైన పాత్ర కూడా చివరికి చీటీ అంటించిన సీసాయే. కొట్టులో సరుకు చూసే మనిషి చేతిరాత పన్నెండు వందల ఏళ్ళు నిలిచింది. పైనున్న చిలుకలు ఎంత అందంగా ఉన్నా ఈ రాత ముందు దిగదుడుపే.

అదే గదిలో చిన్న బంగారు భరిణెలు కొన్నుంటాయి. వాటి దగ్గర కాసేపు ఆగండి. మూత ఉపరితలం మీద ఒకే కేంద్రం చుట్టూ సన్నటి వలయాలు, నడిమధ్యన ఒక చుక్క కనిపిస్తాయి. వస్తువును తరిమెన (లేత్) పట్టించి తిప్పుతూ పనిముట్టు ఆనించారనడానికి ఆ గుర్తులే సాక్ష్యం. మూతకూ అడుగుకూ మధ్య సందు వెంట్రుక పట్టనంత తక్కువగా రావడానికి కారణం కూడా అదే. వలయాలు కనబడాలంటే ఎదురుగా కాకుండా పక్కగా వంగి, దీపం వెలుగు ఏటవాలుగా జారే కోణం వెతకాలి. దగ్గరి వస్తువుల మీద ఫోకస్ అయ్యే చిన్న ఒంటికంటి దుర్భిణి ఉంటే సగం కష్టం తీరుతుంది. ఫ్లాష్ వద్దు, ఫోన్ టార్చి అసలే వద్దు. అద్దం మీద వెలుగు తిరగబడి మీకే కనబడదు. ఇంకో మాట: ఈ నిధిలోని వస్తువులు బయటి ప్రదర్శనలకు వెళ్ళి వస్తుంటాయి. ఫలానా భరిణె కోసమే వెళ్తుంటే అది ఊళ్ళో ఉందో లేదో ముందు కనుక్కోండి.

ఇక బొమ్మల సంగతి. చైనీ భాషలో మూతపెట్టెను 'హ' అంటారు, కలయికకూ అదే ఉచ్చారణ. రెండు చిప్పలు కలిస్తేనే పెట్టె అవుతుంది కాబట్టి మాటా వస్తువూ ఒకదాన్నొకటి మోస్తాయి. కవి బాయ్ జూయీ 806లో రాసిన దీర్ఘకవితలో, చనిపోయిన యాంగ్ గుయ్‌ఫెయ్ తనను ప్రేమించిన చక్రవర్తికి గుర్తుగా పంపేది పొదిగిన పెట్టెలో ఒక సగమే. రెండో సగం తన దగ్గర ఉంచుకుంటుంది. భరిణెల మీద జంట పక్షులు ముక్కున పట్టుకున్న పట్టీ కూడా ఊరికే పెట్టింది కాదు. ఆ పట్టీ పేరు 'షౌ', దీర్ఘాయుష్షు కూడా 'షౌ'యే. అడవి బాతులు జతగా ఉంటే అది పెళ్ళి గుర్తు. పెళ్ళికొడుకు తరఫున బాతును ఇవ్వడం అక్కడి పాత ఆచారం. దానిమ్మ దగ్గర మనకు అర్థం చెప్పక్కర్లేదు, గింజలే చెబుతాయి.

అన్నీ చైనావి కావు. హెజియాత్సున్ భరిణెల్లో రెక్కల సింహం, రెక్కల లేడి ఉన్నవి చూడండి. పేనిన తాడులాంటి గుండ్రటి చట్రం, మధ్యలో ఒంటరి జంతువు, చుట్టూ ఖాళీ వెండి. ఆ ఏర్పాటు ఇరాన్‌ను ఏలిన ససానీ రాజుల కాలపు వెండి పళ్ళాల నుంచి మధ్య ఆసియాలోని సోగ్డియా వర్తకుల మీదుగా వచ్చింది. ఎనిమిదో శతాబ్దం నడిచేకొద్దీ ఆ ఖాళీ నిండిపోయి పువ్వులూ తీగలూ జంట పక్షులూ వచ్చేస్తాయి. ఖాళీ ఎంత వదిలారన్నది చూసి భరిణె ముందుదో వెనకదో మోటుగా చెప్పేయొచ్చు.

షియాన్ మ్యూజియం చిన్న అడవిబాతు గోపురం ఆవరణలో ఉంది. మన దేశం నుంచి యీజింగ్ భిక్షువు మోసుకెళ్ళిన గ్రంథాలు దాచడానికి 707–709 మధ్య కట్టిన గోపురం అది. ఇక్కడ మంగళవారం సెలవు కాబట్టి సోమవారం ఇక్కడికి, మంగళవారం షాన్షీ మ్యూజియానికి అని వేసుకుంటే రోజు వృథా కాదు. వెళ్ళే ముందు ఒకసారి సరిచూసుకోండి. ఇక్కడ చూడాల్సిన భరిణె ఒక్కటే, అది కూడా అరచేతిలో ఇమిడేంత. 1979లో జియావోతోంగ్ విశ్వవిద్యాలయం ఆవరణలో దొరికిన ఆరు రేకుల వెండి పెట్టె. మూత మధ్యలో ఏనుగు మీద మనిషి, పక్కన 'కున్‌లున్ రాజ్యం' అన్న అక్షరాలు. చుట్టూ ఆరు రేకుల్లో టిబెట్, కష్గర్, కొరియా వగైరా, వాటి పక్కనే 'బ్రాహ్మణ దేశం'. అది మనమే! అప్పటి చైనావాళ్ళు భారతదేశాన్ని పిలిచిన పేర్లలో అదొకటి. ఈ పెట్టెలో ఇంకో వెండి పెట్టె, దానిలో తాబేటి డిప్ప గళ్ళు చెక్కిన మూడోది, దానిలో రెండు స్ఫటికపు పూసలు, ఒక అకీకు (అగేట్) పూస. ఇంత చిన్న మూత మీద ఏడు దేశాల పేర్లు గుచ్చడం నేర్పే గానీ, అద్దం అవతలి నుంచి అక్షరాలు చదవడం కష్టం. దుర్భిణి లేకపోతే ఈ మ్యూజియం మీకు అంతగా దక్కదు.

ఫామెన్‌కు మాత్రం రోజంతా కేటాయించాలి. 1981లో వర్షాలకు అక్కడి ఇటుక గోపురం సగం కూలింది. 1987 ఏప్రిల్‌లో దాని కింద 874లో మూసేసిన నేలమాళిగ తెరుచుకుంది. వస్తువులతో పాటు వాటి జాబితా చెక్కిన రాయి కూడా దొరకడంతో ఏది ఎవరిచ్చారో, ఎంత తూకమో చాలావాటికి తెలిసిపోయింది. బుద్ధుడి వేలి ఎముకగా కొలిచేదాన్ని దాచిన ఎనిమిది పెట్టెల వరుస ఇక్కడి ముఖ్య ఆకర్షణ. అన్నిటికంటే బయటిది గంధపు చెక్క, అది చివికిపోయింది. దాని లోపల దాదాపు 23 సెంటీమీటర్ల ఎత్తున నలుగురు దిక్పాలకులున్న బంగారు పూత వెండి పెట్టె, తర్వాత ఏ బొమ్మా లేని వెండి పెట్టె, తర్వాత బుద్ధుడు బోధించే దృశ్యం ఉన్నది, తర్వాత ఆరు చేతుల అవలోకితేశ్వరుడితో మేలిమి బంగారపుది, తర్వాత రత్నాలు పొదిగిన బంగారం, తర్వాత జేడ్‌లాంటి రాయి, చిట్టచివర 7.1 సెంటీమీటర్ల బంగారు గోపురం. వరుసగా పెట్టి చూసినప్పుడు కన్ను ముందు నిలిచేది ఆ బోసి వెండి పెట్టె మీద. రెండు నగిషీల మధ్య ఒక మౌనంలా ఉంటుంది. తీరా ఎనిమిదింటి లోపలా ఉన్నది అసలు ఎముకకు నకలుగా చేసిన వేలు. అసలుదిగా గుర్తించింది వేరే చోట, ఇనుప పెట్టెలో ఉంది. దాని లోపల 45 మూర్తులు చెక్కిన బంగారు పూత వెండి పెట్టె, ఆపైన గంధపు చెక్క, స్ఫటికం, జేడ్ పెట్టెలు.

స్ఫటికపు పెట్టె దగ్గర తెలుగువాళ్ళకు భట్టిప్రోలు గుర్తు రావాలి. 1892లో అలెగ్జాండర్ రీ అక్కడి స్తూపంలో తీసిన రాతి పేటికల్లో స్ఫటికపు భరిణెలున్నాయి. బ్రాహ్మీ శాసనం వాటిని 'మజూస', 'ఫాళిగ సముగ' అంటే మంజూష, స్ఫటిక సముద్గం అని పేరు పెట్టి మరీ చెబుతుంది. ధాతువును, అంటే బుద్ధుడి అవశేషాన్ని, పెట్టెలో పెట్టె పెట్టి దాచే పద్ధతి బౌద్ధంతో పాటే తూర్పుకు నడిచింది. ఫామెన్‌కు వచ్చేసరికి అది బంగారం వేసుకుంది.

ఇదే మ్యూజియంలో మరో రెండు పెట్టెలు వదలకూడదు. తాబేలు ఆకారంలో దాదాపు 28 సెంటీమీటర్ల పొడవున్న వెండి పెట్టె ఒకటి. డిప్పే మూత. తేయాకు పొడికని కొందరు, ధూపానికని కొందరు అంటారు. ఇంకోటి జంట సింహాల పెట్టె. చక్రవర్తి పుట్టినరోజుకు దక్షిణాది అధికారి పంపిన కానుక. 'ఆరు అంగుళాల చదరం, తూకం 20 లియాంగ్‌లు' అని దాని మీదే ఉంది. పెట్టెలకు తూకం చెక్కడం ఆ రోజుల్లో మామూలు. 1980లో లాన్‌తియెన్ దగ్గర యాంగ్‌జియాగోలో దొరికిన ఒక పెట్టె అడుగున 866వ సంవత్సరం తేదీ, అధికారి పేరు, ఆపైన '15 లియాంగ్, 5 ఛియెన్, 1 జ్' అని ఉంది. లియాంగ్‌లో పదో వంతు ఛియెన్, దానిలో నాలుగో వంతు జ్. అంటే గ్రాము దాకా లెక్క చూశారు. కంసాలి దగ్గర తరుగు ఎంత పోయిందో రాజుగారి ఖజానాకు తెలియకుండా ఉండే వీల్లేదు.

ఇంతకీ ఇవి ఎలా చేశారో తెలిస్తే చూపు మారుతుంది. మూత, అడుగు విడివిడిగా వెండి రేకు నుంచి సుత్తితో కొట్టి లోతు తెస్తారు. కొట్టేకొద్దీ వెండి బిరుసెక్కుతుంది. 600 డిగ్రీల దరిదాపుల్లో, మసక ఎరుపు వచ్చేదాకా కాచి మెత్తబరచకపోతే మొదట చీలేది అంచే. ఆకారం వచ్చాక చిప్పను గుగ్గిలం, మట్టిపొడి, నూనె కలిపిన ముద్దలో కూర్చోబెట్టి నగిషీ చేస్తారు. కొట్టిన చోట అణిగి, పక్కన ఉబ్బకుండా ఆపేది ఆ ముద్దే. బొమ్మల మధ్య ఖాళీలో మిల్లీమీటరుకు లోపు సున్నాలు వేల కొద్దీ గుచ్చుతారు. చైనావాళ్ళు దాన్ని చేపగుడ్ల నగిషీ అంటారు. నేపథ్యం గరుకై బొమ్మ నున్నగా ముందుకొస్తుంది. సున్నాల వరుసలు బారులు తీరి ఉంటే చెయ్యి గట్టిదని లెక్క. ఒకదాని మీద ఒకటి ఎక్కితే తొందరపడ్డాడని.

తర్వాత అతుకులు. అడుగు చిప్ప అంచుకు లోపలివైపు వెండి పట్టీ నిలబెట్టి అతికిస్తే మూత దాని మీద కూర్చుంటుంది. దీని పేరు తల్లీబిడ్డల అంచు. శుద్ధ వెండి 962 డిగ్రీలకు కరుగుతుంది. వెండిలో 28 శాతం రాగి కలిపితే 779కే కరుగుతుంది కాబట్టి అలాంటి మిశ్రమం టంకానికి పనికొస్తుంది. వెలిగారం వేసి అతుకుతారు. గుగ్గిలం మరక కొంచెం మిగిలినా కాలి మసై టంకం పారదు, అతుకులో సూది బెజ్జాలు పడతాయి. బంగారు పూత అతుకుల తర్వాతే. ముందు పూసి తర్వాత అతికితే ఆ వేడికి బంగారం వెండిలోకి ఇంకి పాలిపోతుంది.

పూతకు సంప్రదాయ కొలత ఒక పాలు బంగారానికి ఏడు పాళ్ళు పాదరసం. రెండూ కలిసి వెన్నలా అవుతాయి. బొమ్మ గీత లోపలే పూసి కాచాలి. 357 డిగ్రీల దగ్గర పాదరసం మరిగి ఎగిరిపోతుంది. ఆ పొగ ప్రాణాంతకం, ఇంట్లో ప్రయత్నించే సంగతి కాదు. మిగిలిన బంగారం మబ్బుగా ఉంటుంది, అకీకు రాయితో రుద్దితేనే మెరుస్తుంది. జిడ్డు ఉన్నచోట పూత పట్టదు. పాదరసం పూర్తిగా పోకపోతే తెల్లటి ఛాయ మిగులుతుంది. వెండి మీద బొమ్మ వరకే బంగారం పూసిన ఈ పనిని చైనావాళ్ళు 'బంగారు పూల వెండి' అంటారు. గీత దాటి బంగారం ఎక్కడ ఒలికిందో వెతకండి, చాలా భరిణెల్లో దొరుకుతుంది. ఆ తప్పు చూసినప్పుడు కుంచె పట్టిన చెయ్యి కనబడుతుంది.

నకళ్ళు కొనాలనుకునేవాళ్ళకు: ఊళ్ళో దుకాణాల్లో మూడు రకాలు దొరుకుతాయి. ఇత్తడి మీద పూత, అచ్చులో పోసిన వెండి, చేత్తో కొట్టిన వెండి. ముందు తూకం, తర్వాత లోపలివైపు. చేత్తో కొట్టినదైతే మూత లోపల బొమ్మ వెనక ఆనవాలు, సుత్తి దెబ్బల మచ్చలు మసకగా తెలుస్తాయి. లోపల అద్దంలా నున్నగా, గోడ మందంగా ఉంటే పోసిందే. ఆరు రేకుల పెట్టె అయితే మూతను ఒక్కో రేకు జరిపి పెట్టి చూడండి. చేతిపనిలో రేకులన్నీ అచ్చంగా సమానం కావు కనుక ఒక్క దిశలోనే హాయిగా కూర్చుంటుంది. ఆరు దిశల్లోనూ ఒకేలా కూర్చుంటే యంత్రం పని. బంగారం బొమ్మ వరకే కాక పెట్టె అంతా పరుచుకుంటే అది 'బంగారు పూల వెండి' పద్ధతి నకలు కాదు, చాలావరకు విద్యుత్ పూత వేసి పచ్చగా చేసిన సరుకే. 925 ముద్ర ఉంటే 7.5 శాతం రాగి లాంటిది కలిసిందని అర్థం, తప్పేం లేదు, గట్టిగానే ఉంటుంది. 'నిజమైన తాంగ్ పెట్టె' అని ఎవరైనా చెవిలో చెబితే అక్కణ్ణుంచి బయటికి నడవండి. 1911కు ముందునాటి పురావస్తువులను చైనా దాటించడం నిషేధం.

ఒక్క రోజే ఉంటే హెజియాత్సున్ గది చాలు. మూత లోపలి రాత, తరిమెన గుర్తులు, ఇరానీ సింహం, చిలుకలు అన్నీ ఒకే చోట దొరుకుతాయి. రెండు రోజులుంటే ఫామెన్ కలపండి. షియాన్ మ్యూజియం పెట్టె మన దేశం పేరు కోసం చూడాల్సిందే గానీ, దానికోసం మిగతావి వదులుకోవద్దు.

కొన్న నకలు ఇంటికొచ్చాక విభూతితోనో చింతపండుతోనో తోమకండి. బోసి వెండికి ఆ అలవాటు చెల్లుతుంది గానీ, ఈ బంగారు పూత మందం మైక్రాన్లలో ఉంటుంది, నాలుగు పండగలకు బొమ్మ వెండిలో కలిసిపోతుంది. గంధకం తగిలి వెండి నల్లబడితే మెత్తటి నూలు గుడ్డతో పూత లేని చోట మాత్రమే తుడవండి. చేపగుడ్ల సందుల్లో మిగిలిన నలుపును అలాగే ఉంచేయండి, బొమ్మ దానివల్లే తేలి కనిపిస్తుంది.